నాకు శాంతం వచ్చిందన్నారు

మా వాడకట్టులో నా నోటికి ఒక పేరుంది. నల్లా నీళ్లు ఆలస్యమైనా, ఆటో అతను ఇంటి దాకా రానని మలుపులోనే దింపేస్తానన్నా, పక్కింటివాళ్లు చెత్త మా గోడవారకు నెట్టినా ముందు లేచే గొంతు నాదే. హనుమకొండలో ఒక ప్రైవేటు బడిలో సోషల్ చెబుతాను. నేను మెట్లెక్కుతున్న చప్పుడుకే తొమ్మిదో తరగతి సద్దుమణుగుతుందని మా హెడ్మాస్టరు అంటుంటారు. అది మెచ్చుకోలో ఎత్తిపొడుపో నేనెప్పుడూ తేల్చుకోలేదు. అలాంటి నాకు ఒక కాలంలో శాంతం వచ్చింది. నేను తప్ప అందరూ సంతోషించారు. ఆ సంతోషం మీద నాకు ఇప్పటికీ కొంచెం కోపముంది.

మా ఆయనకు వరంగల్‌లో జంపఖానాల దుకాణం. మా మామగారి కాలం దాకా కొత్తవాడలోని మా ఇంట్లో మగ్గం ఆడేది. ఇప్పుడు ఆ గదిలో అమ్మకానికి తెచ్చిన జంపఖానాల కట్టలుంటాయి. ఒక ఎండాకాలం మధ్యాహ్నం ఆ కట్టలు దించుతూ దించుతూ ఆయన ఛాతీ పట్టుకుని కూలబడ్డాడు. ఆటోలో వేసుకుని హనుమకొండ దవాఖానకు ఉరికాం. లోపల డాక్టర్లు గుండెకు స్టెంటు వేస్తున్నారు. బయట బెంచీ మీద కూర్చుని నేను భద్రకాళమ్మకు మొక్కుకున్నాను. ఈ మనిషిని నాకు బయటికి పంపించు తల్లీ, బతికినన్నాళ్లు నీసు ముట్టను అన్నాను. నీసంటే మాంసం, చేప, గుడ్డు అన్నీ.

ఈ మొక్కు బరువెంతో తెలియాలంటే మా ఇళ్లల్లో ఆదివారం సంగతి తెలియాలి. పొద్దున ఎనిమిదింటికే మటన్ కొట్టు దగ్గర మగవాళ్లంతా నిలబడి ఉంటారు. పదకొండయ్యేసరికి ఏ ఇంటి ముందు నుంచి పోయినా మసాలా వాసనే. చుట్టాలొస్తే కూర, చుట్టాలు పోతే కూర, పిల్లాడు పాసైతే దావత్, ఫెయిలైతే వాడి మనసు బాగుచేయడానికి ఇంకో దావత్. ఆ వాసనల మధ్య నేను వండి పెట్టేదాన్ని కానీ రుచి చూసేదాన్ని కాదు. ఉప్పు సరిపోయిందో లేదో మా ఆయన వచ్చి చూసి చెప్పాల్సిందే.

ఆయన బాగా కోలుకున్నాక, వాడకట్టు వాళ్లు కొందరు కాశీ పోతుంటే మేమూ బయలుదేరాం. మా ఆడబిడ్డ, అంటే మా ఆయన చెల్లెలు, కూడా మాతో వచ్చింది. కాశీకి పోయినవాళ్లు ఇష్టమైన తిండి ఒకటి గంగలో వదిలిపెట్టి రావాలి, మళ్లీ దాన్ని ముట్టకూడదు. ఇది అందరికీ తెలిసిన ఆచారమే. దీన్ని తప్పించుకునే దారులు కూడా అందరికీ తెలిసినవే. మా ఆయన సొరకాయ వదిలాడు. బుద్ధెరిగినప్పటి నుంచి ఆ మనిషి సొరకాయ ముక్క నోట పెట్టింది లేదు. మా ఆడబిడ్డ నేరేడు పండ్లు వదిలింది. అవి ఏడాదిలో కొన్నాళ్లే దొరుకుతాయి. ఇంకొకావిడ కాకరకాయ వదిలేసి, ఇక ఎలా బతకాలో అన్నంత నిట్టూర్పు కూడా విడిచింది. నా వంతు వచ్చింది. మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి ఉన్నాను. పక్కన మా ఆయన చలికి వణుకుతున్నాడు. వణుకుతున్నాడంటే బతికి ఉన్నాడు. ఆ వణుకు చూశాక నాకు కాకరకాయ పేరు నోట రాలేదు. మాంసం పోయాక నాకు మిగిలిన ఇష్టమంతా పెరుగు మీదే. పాలు వదిలేస్తున్నానని చెప్పాను. పాలంటే పాలతో అయ్యేవన్నీ. పెరుగు, మజ్జిగ, నెయ్యి, చాయ్.

“సొరకాయ అన్నా అయిపోతుండె గదనే” అన్నాడు మా ఆయన ఒడ్డెక్కాక.

“నీ లెక్క దేవునికి టోపీ పెట్టుడు నాకు రాదు” అన్నాను.

బి ట్వెల్వ్ అనే విటమిన్ ఒకటుందని, అది మాంసంలో, చేపలో, గుడ్డులో, పాలల్లో తప్ప మనం వండుకునే కూరగాయల్లో, పప్పుల్లో దొరకదని అప్పుడు నాకు తెలియదు. అది వచ్చే దారులన్నీ ఒక్కొక్కటే భక్తితో మూసుకుంటూ వచ్చాను. దానికి తోడు నాకు షుగర్ ఉంది. ఏళ్ల తరబడి నేను వేసుకుంటున్న షుగర్ గోలీ కూడా ఆ విటమిన్‌ను ఒంటికి సరిగ్గా పట్టనివ్వదట. ఒంట్లో దాచుకున్నది మాత్రం చాలాకాలం వస్తుంది. అందుకే పెరుగు మానేసిన నాటికీ మనిషి పడిపోయిన నాటికీ మధ్య ఏళ్లు గడిచిపోతాయి. ఆ రెండింటినీ కలిపి చూడాలని ఎవరికీ తట్టదు.

ముందు పాదాల్లో తిమ్మిరి మొదలైంది. తర్వాత నాలుక మండటం. పచ్చిపులుసు పోసుకుంటే కళ్లలో నీళ్లు తిరిగేవి. క్లాసులో పిల్లల పేర్లు నోటి దాకా వచ్చి ఆగిపోయేవి. ఒకసారి వరసగా రెండు రోజులు ఒకే పాఠం చెప్పానట. పిల్లలు కిమ్మనకుండా రెండోసారి కూడా రాసుకున్నారు. నేను వాళ్లకు ఏదో పరీక్ష పెడుతున్నాననుకున్నారట.

ఇవి ఒంటి సంగతులు. వీటితోపాటే ఇంకొకటి వచ్చింది, దానికి పేరు పెట్టడం నాకు చేతకాలేదు. పొద్దున మెలకువ రాగానే, అయ్యో మళ్లీ లేవాలా అనిపించేది. ఏడుపు కాదు. ఏడుపొస్తే ఎంతో బాగుండేది. ఏడవాలన్నా లోపల ఏదో ఒకటి కదలాలి, నాలో ఏదీ కదలడం లేదు. బియ్యం కడిగిన గిన్నె పట్టుకుని ఎంతసేపు నిలబడేదాన్నో నాకే తెలియదు. పక్కింటి చెత్త మా గోడవారకు వచ్చి చేరింది, చూశాను, లోపలికి వచ్చేశాను. కోప్పడాలంటే ఓపిక కావాలి. రేపటి మీద ఎంతో కొంత ఆశ ఉన్నవాళ్లే ఇవాళ చెత్త గురించి పోట్లాడతారు.

దీన్నే అందరూ శాంతం అన్నారు.

“వదినె, కాశికి పొయ్యొచ్చినంక నీ మొఖంల ఎంత శాంతం వచ్చిందో సూడు! అంత గంగమ్మ మయిమ” అంది మా ఆడబిడ్డ. పిల్లలు ఇప్పుడు మీ దగ్గరికి బెదురు లేకుండా వస్తున్నారు మేడం అన్నారు హెడ్మాస్టరు. రావడం నిజమే, నేను వాళ్లను ఏమీ అడగడం లేదు గనక వస్తున్నారు. ఇల్లు చల్లగా ఉందని మా ఆయన కూడా మురిసిపోయాడు. ఇన్నేళ్ల కాపురంలో నేను నోరెత్తని రోజులు ఆయనకు అవే మొదలు. ఒక్కరైనా, నీకేమైంది అని అడిగితే బాగుండునని నాకుండేది. మాట్లాడని మనిషికి ఏదో అయిందని కాకుండా ఏదో దొరికిందని ఎలా అనుకుంటారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

నీరసం ఎక్కువైతే ఇంటి దగ్గరి క్లినిక్‌లో రక్తం చూశారు. రక్తం నిక్షేపంగా ఉందన్నారు, ఆకుకూరలు బాగా తింటున్నట్టున్నారని మెచ్చుకున్నారు కూడా. తోటకూర, పాలకూర, గోంగూర, నాకు అవే కదా మిగిలింది. ఆకుకూరల్లో బి విటమిన్లలోనే ఇంకో రకం ఉంటుంది. ఒకటి లేకపోయినా ఆ రెండోది రక్తాన్ని నిలబెట్టేస్తుంది, లోపల నరాల మీద జరిగేది మాత్రం జరుగుతూనే ఉంటుంది. ఈ సంగతి తర్వాత తెలిసింది. తోటకూర నాకు మేలు చేస్తూనే దొంగను ఇంట్లో దాచిపెట్టింది.

ఒక సాయంత్రం బడి వదిలాక హనుమకొండ చౌరస్తా దగ్గర రోడ్డు దాటుతున్నాను. అటూ ఇటూ చూడాలి కదా. చూడబుద్ధి కాలేదు. చనిపోవాలని అనుకోలేదు, ఆ మాట స్పష్టంగా చెప్పాలి. చూడటం ఎందుకులే అనిపించిందంతే. ఒక ఆటో నా చీర కుచ్చిళ్లకు తగిలేంత దగ్గర ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి, “ఏందమ్మా, బతుకు మీద ఆశ లేదా?” అని అరిచాడు. వెనకటి రోజులైతే నేను ఆ ఆటోను అక్కణ్నుంచి కదలనిచ్చేదాన్ని కాదు. ఆ పూట మాత్రం నిలబడి, అతను అడిగినదానికి లోపల జవాబు వెతుక్కున్నాను. దొరకలేదు. వెనక హారన్లు మోగుతున్నాయి. అప్పుడు భయమేసింది. చాలా నెలల తర్వాత నాకు గట్టిగా తెలిసిన మొదటి సంగతి ఆ భయమే.

మరునాడే మా ఆయనను వెంటబెట్టుకుని హనుమకొండలో ఒక డాక్టరమ్మ దగ్గరికి పోయాను. తిమ్మిర్ల నుంచి చౌరస్తా దాకా అన్నీ చెప్పేశాను. చౌరస్తా సంగతి విని మా ఆయన నా వైపు చూసిన చూపు నేను మరిచిపోలేదు. డాక్టరమ్మ ఏం తింటానో, ఏం మానేశానో, ఏ గోలీలు వేసుకుంటానో అడిగి రక్తపరీక్ష రాసింది. అది వచ్చాక మమ్మల్ని మళ్లీ కూర్చోబెట్టింది.

“బి ట్వెల్వ్ చాలా తక్కువున్నదమ్మా. నరాలకు, మెదడుకు అది కావాలె. అది తక్కువైతే తిమ్మిర్లొస్తయి, మతిమరుపొస్తది, మనసు గూడ కుంగిపోతది. అట్లని మీ మనసు కుంగుడుకు అదొక్కటే కారణమని నేను చెప్పలేను. ఇదీ అదీ ఒకదాన్ని ఒకటి గుంజుతుంటయి. సూదులు మొదలువెడదాం. మనసు డాక్టర్ను గూడ ఒకసారి కలవండి.”

“ఆ సూదిల నీసు ఏమన్న ఉంటదా డాక్టరమ్మా?”

ఆమె నవ్వలేదు. ఆ మర్యాదకు ఆమెకు దండం పెట్టాలి. దాన్ని సూక్ష్మజీవులతో తయారుచేస్తారని, మాంసమూ పాలూ కాదని చెప్పింది. సూక్ష్మజీవులను వదలమని కాశీలో నన్నెవరూ అడగలేదు గనక ఒప్పుకున్నాను.

బయటికి వచ్చేసరికి మా ఆయన ముఖం వెలిగిపోతోంది. ఆటో ఎక్కుతూనే చెల్లెలికి ఫోన్ చేశాడు. “విటమినేనట! ఏం ఫికర్ లేదు, ఒట్టి విటమినేనట!” అవతల ఆమె సంబరం ఆటోలో నాకూ వినిపించింది. వారం తిరిగేసరికి వాడకట్టంతా తెలిసిపోయింది. విటమిన్ అనేది నలుగురిలో చెప్పుకోదగ్గ జబ్బు. మెడికల్ షాపులో దొరుకుతుంది, సూదేస్తే ఎక్కుతుంది, దాని వల్ల ఎవరి పెళ్లి సంబంధమూ చెడిపోదు. మనసు డాక్టరు మాట ఆ ఆటోలోనే జారిపోయింది. నిజం చెప్పాలంటే నాకూ అది జారిపోవడమే బాగుంది. నాది ఒట్టి విటమిన్ జబ్బే కావాలని నేను కూడా మనసారా కోరుకున్నాను.

సూదులు పనిచేశాయి. వాటిని చిన్నబుచ్చను. నాలుక మంట పోయింది. తిమ్మిర్లు మెల్లగా తగ్గాయి. పిల్లల పేర్లు తిరిగొచ్చాయి, ఇంటిపేర్లతో సహా. పొయ్యి మీద గిన్నె పెట్టి దాని సంగతి మరిచిపోవడం తగ్గింది. మళ్లీ రక్తం చూస్తే బి ట్వెల్వ్ ఉండాల్సినంత ఉంది. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

పొద్దున లేవగానే వచ్చే బరువు మాత్రం అలాగే ఉంది. పూర్తిగా అలాగే అంటే అబద్ధమవుతుంది. ఇదివరకు మంచం మీద నుంచి లేవలేకపోయేదాన్ని, ఇప్పుడు లేచి దాన్ని మోస్తున్నాను. కానీ అంతకుముందు నా దిగులుకు ఒక కారణముండేది, నలుగురూ ఒప్పుకునే కారణం. రక్తపరీక్ష బాగా రావడంతో అది కాస్తా పోయింది. మా ఇళ్లల్లో రంది పడాలంటే కారణం చూపించాలి. మనిషి పోతే పడొచ్చు, పంట పోతే పడొచ్చు. మొగుడు బతికి, ఉద్యోగం ఉండి, విటమిన్ కూడా ఎక్కాక రంది పడితే ఒళ్లు బలిసిందంటారు.

“ఇంకేంది వదినె, జర నవ్వు. అంత మంచిగనే అయింది గదా” అంది మా ఆడబిడ్డ. నవ్వాను. ఆ నవ్వు నవ్వడానికి ఎంత కష్టపడ్డానో ఎవరికీ చెప్పుకోలేదు.

ఒకరోజు పొద్దున మా ఆయన దుకాణానికి పంపాల్సిన కట్టలు కడుతుంటే ఆ గది గుమ్మంలో నిలబడి చెప్పేశాను.

“నాకింకా తక్కువ కాలే.”

“రిపోర్టు మంచిగొచ్చింది గదనే.”

“రిపోర్టుకు మంచిగైంది. నాకు కాలే.”

ఆయన తాడు వదిలేసి కట్ట మీద కూర్చున్నాడు. “ఆ డాక్టరమ్మ ఇంకో డాక్టర్ అన్నది గదా. పోదాం పా” అన్నాడు. ఆ మాట ఆయనకు గుర్తే లేదనుకున్నాను. గుర్తుంది. గుర్తుండీ దాని జోలికి పోవడానికి నాకంటే ఎక్కువ జంకాడు.

మనసు డాక్టరు పెద్దాయన. తొందరపడని మనిషి. తలుపు వేసి, మా ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి, “పొద్దుందాక దేని గురించి ఎక్కువ ఆలోచిస్తరమ్మా?” అని అడిగారు.

ఏమీ లేదు సార్ అందామనుకున్నాను. నోట్లోంచి ఇంకోటి వచ్చింది. “ఈయన దగ్గు గురించి.”

అక్కణ్నుంచి మాటలు వాటంతటవే వచ్చాయి. ఈయన మధ్యాహ్నం కునుకు తీస్తే ఊపిరి ఆడుతోందో లేదో గుమ్మంలో నిలబడి చూడటం, బడిలో ఆఫీసు ఫోను మోగితే సుద్దముక్క చేతిలోనే ఆగిపోవడం. ఒకసారి ఆయన తిన్న పెరుగు గిన్నె తీస్తుంటే వేలికి అంటింది. అలవాటున నాకేశాను. అప్పటికే ఆయన తిని దుకాణానికి బయలుదేరాడు. ఆయన ఫోన్ ఎత్తేదాకా చేస్తూనే ఉన్నాను. ఎత్తాక ఏం చెప్పాలో తెలియక కరివేపాకు తెమ్మన్నాను.

“నేను పెరుగు తింటే ఈయన పోతడు సార్” అన్నాను. “అది ఉత్త మాటని నాకు ఎరుకే. అయినా నేనే పట్టుకుని కూసున్న, వదిలితే పోతడని.”

డాక్టరు గారు మా ఆయన వైపు తిరిగి, “మీరు గుండె గోలీలు సరిగ్గ ఏసుకుంటాన్రా?” అని అడిగారు.

మా ఆయన ఫ్యాను వైపు చూశాడు. “ఏస్తాన్న సార్. అప్పుడప్పుడు.”

“అప్పుడప్పుడు అంటే?”

“పానం మంచిగనే ఉంటాంది గదా అని జర తగ్గించిన. ఇగ ఆమె మొక్కు ఉండనే ఉన్నది గదా అనుకున్న.”

నాకు ఆ మాట ఎక్కడానికి కొంచెం సేపు పట్టింది. ఎక్కాక అరికాళ్ల నుంచి లేచింది కోపం. “ఏమన్నవ్? మల్లోసారి అను! నీ గోలీ నీ నోట్ల ఏసుకునుడు గూడ నా మొక్కే చెయ్యాల్నా? నేను ఇన్నొద్దులు నోరు కట్టుకొని, మనసు సచ్చి తిరిగింది నువ్వు గోలీలు ఎగ్గొట్టనీకెనా?” ఇంకా చాలా అన్నాను. బయట కూర్చున్నవాళ్లకు కూడా వినిపించే ఉంటుంది. డాక్టరు గారు నన్ను ఆపలేదు. మా ఆయన తల వంచుకుని, “తిట్టు. ఎన్నొద్దులైందే నువ్వు నన్ను తిట్టక” అన్నాడు. నేను ఏడ్చాను, చాలా కాలానికి.

కోపమొచ్చిందని నయమైపోయిందనుకోవద్దని డాక్టరు గారు హెచ్చరించారు. ఒక గోలీ రాశారు, దాని గుణం తెలియడానికి కొన్ని వారాలు పడుతుందన్నారు. విటమిన్ మానొద్దన్నారు. మా ఆయనను వెంటనే గుండె డాక్టరుకు చూపించుకోమన్నారు. మొక్కు గురించి మాత్రం, అది మీదమ్మా, నేను చెప్పేది కాదు అన్నారు.

తర్వాతి నెలల్లో నేను కొంచెం కొంచెంగా తేరుకున్నాను. నన్ను నిలబెట్టింది సూదా, గోలీనా, ఆ గదిలో నోరు విప్పడమా అంటే తెలియదు. నేను కుంగింది ఒక్కదానితో కాదు, లేచిందీ ఒక్కదానితో కాదు. మాంసం ఇప్పటికీ తినను, మొదటి మొక్కు అలాగే ఉంది. దాన్ని ఇప్పుడు భయంతో కాకుండా ఇష్టంతో ఉంచుకున్నాను.

ఆ రోజు మనసు డాక్టరు దగ్గర్నుంచి బయటపడేసరికి మధ్యాహ్నం దాటింది. కింద మెడికల్ షాపులో నా గోలీలు, ఆయన గోలీలు తీసుకుని ఎదురుగా ఉన్న మెస్‌లో కూర్చున్నాం. అన్నం, పప్పు, వేపుడు, చారు. చివర ఇద్దరికీ రెండు చిన్న గిన్నెల్లో పెరుగు పెట్టి పోయాడు వడ్డించే అతను. కాశీ నుంచి వచ్చిన దగ్గర్నుంచి పెళ్లిలో గానీ హోటల్లో గానీ నా వంతు పెరుగు ఆయనదే. అడగడాలు, చెప్పడాలు ఉండవు. ఆ పూట కూడా ఆయన చేయి నా గిన్నె మీదికి వచ్చింది.

“ఉండనియ్యి” అన్నాను.

ఆయన చేయి ఆగిపోయింది. తలెత్తి నా ముఖంలోకి చూశాడు. ఆ చూపులో జాలి లేదు, సంతోషం లేదు. భయముంది. అప్పుడు అర్థమైంది నాకు. గంగలో సొరకాయ వదిలి తప్పించుకున్న మనిషి కూడా, ఇన్నాళ్లూ నాలాగే నమ్ముతూ వచ్చాడు. నేను పెరుగు తినకపోవడం వల్లే తాను బతికి ఉన్నాననుకున్నాడు. నా పక్కనే కూర్చుని, ఒక్క మాట అనకుండా, నా వంతు తింటూ నమ్మాడు.

ఆయన చారు నీళ్లతోనే తన గోలీ మింగాడు. తర్వాత నా గిన్నెను ఒక వేలితో మెల్లగా నా వైపుకు తోశాడు.

“తిను” అన్నాడు. “నాకు భయమైతాంది. అయినా నువ్వు తిను.”

నేను అన్నంలో పెరుగు కలుపుకున్నాను. మొదటి ముద్ద గొంతు దిగేదాకా ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకుంటూనే ఉన్నాం.